180 అని ఎవరు రాసిపెట్టారు?

మొన్న సంక్రాంతికి అచ్యుతాపురం వెళ్ళినప్పుడు మా మావయ్య షెడ్డులో ఒక పంచాయితీ జరిగింది. ముద్దాయి మా బావమరిది. నేరం: బాగున్న కారింజన్ని పాడుచెయ్యాలని చూడడం. జడ్జీగా నన్ను కూచోబెట్టారు, ఎందుకంటే మా ఇళ్ళల్లో మెకానికల్ ఇంజనీరింగు డిగ్రీ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ డిగ్రీ చేతికొచ్చిన దగ్గర్నుంచీ హైదరాబాదులో జావా తప్ప ఇంకేమీ ముట్టుకోలేదన్నది వాళ్ళ దృష్టిలో పెద్ద విషయం కాదు :-)

సంగతేంటంటే, షెడ్డు వెనకాల ఒక పాత మారుతీ ఎస్టీమ్ ఉంది. కార్బ్యురేటరు రకం, 1298 సీసీ, నాలుగు సిలిండర్లు. రిజిస్ట్రేషను గడువు ఎప్పుడో అయిపోయింది. బాడీ తుప్పు పట్టింది కానీ ఇంజను మాత్రం ఇప్పటికీ తాళం తిప్పగానే అందుకుంటుంది. మావయ్య దాన్ని విడి ఇంజనుగా అమ్మేద్దామనుకుంటున్నాడు. మావాడేమో అందులోని క్రాంకు షాఫ్టు తీసేసి, దాని బదులు క్రాస్ ప్లేన్ క్రాంకు చేయించి వేస్తానంటాడు. లేతు పనికీ, క్యామ్ షాఫ్టుకీ కలిపి 60 వేలు కావాలిట. అందులో సగం నన్నివ్వమన్నాడు. ఇగ్నిషన్ ప్రోగ్రాము కూడా నేనే రాసిపెట్టాలిట.

"బాగున్న దాన్ని కోసుకుంటానంటాడేట్రా అల్లుడూ, నువ్వైనా చెప్పు" అని మావయ్య.

"బావా, నువ్వు మెకానికల్ చదివేవు కదా, నువ్వే చెప్పు" అని వాడు.

నేను చెప్పలేకపోయాను. ఈ టపా అందుకే.

ముందు అసలు విషయం. మనం రోజూ చూసే నాలుగు సిలిండర్ల కారింజన్లలో క్రాంకుకి నాలుగు పిన్నులుంటాయి. చివరి రెండూ (1, 4) ఒక వైపు, మధ్య రెండూ (2, 3) సరిగ్గా వాటికెదురు వైపు. షాఫ్టుని టేబుల్ మీద పడుకోబెడితే పిన్నులన్నీ ఒకే చదునులో ఉంటాయి, అందుకే ఫ్లాట్ ప్లేన్ అంటారు. రెండు పిస్టన్లు పైకెళ్తుంటే రెండు కిందకొస్తాయి, జంటగా రోకళ్ళు వేసి దంచినట్టు. ప్రతి 180 డిగ్రీలకీ ఒక సిలిండర్లో మంట. క్రాస్ ప్లేన్ లో ఆ పిన్నుల్ని 90 డిగ్రీల చొప్పున నాలుగు దిక్కులా పెడతారు. షాఫ్టు చివర్నుంచి చూస్తే కూడిక గుర్తులా కనిపిస్తుంది. అప్పుడు మంట సమానంగా రాదు. 270, 180, 90, 180... ఇలా కుంటుకుంటూ వస్తుంది. ఆ కుంటడం వల్లే దాని చప్పుడు వేరుగా ఉంటుంది.

ఇదేమీ మావాడి బుర్రలో పుట్టిన తిక్క కాదు. యమహా వాళ్ళు 2004 లో మోటో జీపీ పందేల కోసం ఎం1 అనే బండిలో ఇలాంటి క్రాంకు పెట్టారు. ఆ పని నడిపించిన ఇంజనీరు మసావో ఫురుసావా. ఆ ఏడే ఆ జట్టులో చేరిన వాలెంటినో రోస్సీ మొదటి పందెమే గెలిచి, ఆ సంవత్సరం ఛాంపియన్ కూడా అయ్యాడు. 2009 లో అదే క్రాంకు ఆర్1 లో షోరూములకొచ్చింది. అంత దూరం ఎందుకు, మన రోడ్ల మీద తిరుగుతున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 (2018) దీనికి తమ్ముడే. రెండు సిలిండర్లు, 270 డిగ్రీల క్రాంకు. అంటే క్రాస్ ప్లేన్ లో సగం అన్నమాట. మావాడికి ఈ పురుగు తొలిచింది కూడా ఎవరిదో ఇంటర్‌సెప్టర్ సర్వీసు చేస్తున్నప్పుడే.

వాడు నన్నడిగిన మొదటి ప్రశ్న డబ్బుల గురించి కాదు. "బావా, ఫ్లాట్ ప్లేన్ లో రెండు పైకెళ్తే రెండు కిందకొస్తున్నాయి కదా. బరువులు సరిపోయినట్టే కదా. మరెందుకు అదురుతుంది?"

పరీక్షలో ఈ ప్రశ్న నాకొచ్చింది. ప్రైమరీ, సెకండరీ బలాలని నిర్వచించి, సూత్రం రాసి, బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. అక్కడ షెడ్డులో మాత్రం నోరు పెగల్లేదు. మా కాలేజీ ల్యాబులో అడ్డంగా కోసి రంగులేసిన ఇంజను ఒకటి గాజు పెట్టెలో ఉండేది. నాలుగేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా చేత్తో తిప్పలేదు. తిప్పనివ్వలేదు అనడం సగం నిజం. తిప్పుతామని మేమెవరం అడగలేదన్నది మిగతా సగం.

సరే, పరువు సంగతి పక్కన పెట్టి హెడ్డు విప్పించాను. ఫ్లైవీలు మీద సుద్దతో నాలుగు గీతలు పెట్టాం. ఒకటో పిస్టన్ని పైకంటా తెచ్చి, పావు చుట్టు తిప్పి, వెర్నియర్ తో ఎంత దిగిందో కొలిచాం. మొత్తం స్ట్రోకు 75.5 మిల్లీమీటర్లు. అందులో సగం అంటే 37.75 రావాలని మావాడి అంచనా. వచ్చింది దాదాపు 44! రెండో పావు చుట్టులో పిస్టను దిగింది 32 లోపే. నాకు నమ్మకం కుదరక, కనెక్టింగ్ రాడ్డు పొడవు సుమారు 120 మి.మీ. పెట్టి కాగితం మీద లెక్కేశాను. 43.8, 31.7. సరిపోయింది.

కారణం చాలా చిన్నది. రాడ్డు నిటారుగా ఉండదు, పక్కకి వాలుతుంది. వాలినప్పుడు దాని ఎత్తు తగ్గి పిస్టన్ని ఇంకాస్త కిందకి లాగుతుంది. అంచేత పిస్టను పై సగంలో తొందరగా, కింద సగంలో నెమ్మదిగా నడుస్తుంది. పైకెళ్ళే జత, కిందకొచ్చే జత ఒకదాన్నొకటి పూర్తిగా రద్దు చేసుకోలేవు. ఆ మిగులు నాలుగు పిస్టన్లకీ ఒకే దిక్కున కలుస్తుంది, అదీ చుట్టుకి రెండుసార్లు. ఒక్కో పిస్టను సరంజామా 400 గ్రాములనుకుంటే, 6000 ఆర్‌పీఎమ్ దగ్గర ఆ బలం సుమారు 7500 న్యూటన్లు. అంటే ముప్పావు టన్ను బరువు సెకనుకి 200 సార్లు ఇంజన్ని పైకీ కిందకీ కుదుపుతున్నట్టు.

ఇదంతా గచ్చు మీద సుద్దతో గీసి చెప్తుంటే మావయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. చివరికి "అయితే ముప్పై ఏళ్ళ బట్టీ నేను ఇంజను రబ్బర్లు మారుస్తున్నది ఈ 12 మిల్లీమీటర్ల కోసమా!" అన్నాడు.

నా చదువు మొత్తంలో నాకు దక్కిన అతి పెద్ద సర్టిఫికెట్టు అదే. నిజం చెప్తున్నా, హాస్యానికి కాదు.

ఇప్పుడు క్రాస్ ప్లేన్ గొప్పదనం చూడండి. పిన్నులు 90 డిగ్రీల తేడాలో ఉంటే ఈ రెట్టింపు వేగపు కుదుపులు రెండు ఒక దిక్కుకి, రెండు ఎదురు దిక్కుకి పోయి పూర్తిగా రద్దయిపోతాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఫ్లాట్ ప్లేన్ లో నాలుగు పిస్టన్లూ ఒకేసారి ఆగి, ఒకేసారి పరిగెత్తుతాయి. పై లెక్కే తీసుకుంటే 450 జౌళ్ళ దాకా శక్తిని క్రాంకు వాటికి అప్పిచ్చి వెనక్కి తీసుకుంటూ ఉంటుంది. 46 కిలోల బస్తాని మీటరు ఎత్తుకి ఎత్తి దించినట్టు, చుట్టుకి రెండుసార్లు. క్రాస్ ప్లేన్ లో రెండు ఆగినప్పుడు మిగతా రెండూ పరుగులో ఉంటాయి, వాటిలో అవే ఇచ్చిపుచ్చుకుంటాయి. అందుకని యాక్సిలరేటరు తిప్పినప్పుడు వెనక టైరుకి మంట ఇచ్చిన తోపు మాత్రమే అందుతుంది, పిస్టన్ల బరువు చేసే గోల కలవదు. మలుపులో ఒరిగి ఉన్న బండికి ఇది ప్రాణంతో సమానం. యమహా వాళ్ళు దీని వెంట పడింది అందుకే, చప్పుడు కోసం కాదు.

మరి ఇంత మంచిదైతే కార్లలో ఎందుకు పెట్టరు? "బావా, కంపెనీ వాళ్ళకి తట్టలేదంటావా?" అన్నాడు మావాడు. తట్టకేం, బాగానే తట్టింది. కాడిలాక్ వాళ్ళు వీ8 ఇంజన్లో ఫ్లాట్ ప్లేన్ తీసేసి క్రాస్ ప్లేన్ పెట్టింది 1923 లో. వీ8 లో అది బ్రహ్మాండంగా కుదిరింది. వరసగా నాలుగే ఉన్న ఇంజన్లో మాత్రం ఒక మెలిక ఉంది. పైకీ కిందకీ కుదుపు పోతుంది కానీ, ఇంజను ముందూ వెనకా తూగుడుబల్లలా ఊగడం మొదలెడుతుంది. క్రాంకు బరువులతో అందులో సగమే సర్దగలం. మిగతా సగానికి క్రాంకు వేగంతోనే ఎదురు తిరిగే ఇంకో షాఫ్టు కావాలి. ఆర్1 లో అది ఉంది. ఎస్టీమ్ బ్లాకులో దానికి చోటే లేదు.

అదొక్కటే కాదు. ఆ సాయంత్రం అక్కడే కూచుని, క్రాంకు మారిస్తే ఇంకేం మారాలో మేం జాబితా రాశాం.

క్యామ్ షాఫ్టు మారాలి. సిలిండర్ల వరస, వాటి మధ్య ఎడం మారాయి కాబట్టి వాల్వులు తెరిచే లోబులన్నీ కొత్త కోణాల్లో ఉండాలి. డిస్ట్రిబ్యూటరు పనికిరాదు, అది సమానమైన ఎడంతో నిప్పు పంచడానికి పుట్టింది. ఇప్పుడేమో క్యామ్ వేగంతో చూస్తే 135, 90, 45, 90 కావాలి. పోనీ దాని తర్వాత వచ్చిన పద్ధతి, రెండు సిలిండర్లకి ఒకే కాయిల్? అదీ కుదరదు. 1, 4 పిస్టన్లు ఒకేసారి పైకొస్తాయన్న నమ్మకం మీద అది పనిచేస్తుంది. క్రాస్ ప్లేన్ లో ఏ రెండు పిస్టన్లూ ఒకేసారి పైకి రావు. కాబట్టి నాలుగు కాయిల్స్, క్రాంకుకీ క్యామ్ కీ సెన్సర్లు, వాటిని నడిపే ప్రోగ్రాము. ఒకే కార్బ్యురేటరు దగ్గర 90 డిగ్రీల తేడాతో పీల్చే రెండు సిలిండర్లు ఒకదాని గాలి ఇంకోటి లాక్కుంటాయి. ఎగ్జాస్టు గొట్టాల జతలు మారాలి. ఐడిలింగ్ లో ఆగిపోకుండా ఫ్లైవీలు బరువు పెరగాలి. క్రాంకులో ఆయిలు దారులు కొత్తగా తొలవాలి. పాత క్రాంకుని కోసి అతికిస్తే వెల్డింగు దగ్గర పగులు రాదని హామీ లేదు. అది ఫోర్జింగో, కాస్టింగో అన్నది ముందు తేల్చుకోవాలి.

జాబితా చూస్తుంటే నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. ఎవరో పదేళ్ళ క్రితం ఒక విలువ కోడులో హార్డ్ కోడ్ చేసి వెళ్ళిపోతారు. దాన్ని మార్చేదాకా అది ఎన్ని చోట్ల దాక్కుందో ఎవరికీ తెలీదు. మార్చిన రోజు రాత్రి ఎక్కడెక్కడో సంబంధం లేని మాడ్యూళ్ళు పడుకుంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్లో ఆ విలువ 180. క్రాంకులో ఉంది, క్యామ్ లో ఉంది, డిస్ట్రిబ్యూటర్లో ఉంది, కాయిల్లో, గొట్టాల్లో, ఫ్లైవీలు బరువులో, చివరికి మావయ్య మార్చే రబ్బరు ముక్క మెత్తదనంలో కూడా ఉంది. దాన్ని ఒక కంపెనీ ఒకరోజు కూచుని నిర్ణయించలేదు. చవక, సులువు, సరిపడినంత మెత్తదనం - ఈ మూడింటికీ కలిపి వందేళ్ళ పైచిలుకుగా కుదిరిన రాజీ అది. చిన్న ఇంజన్లయితే అదురుని రబ్బర్ల మీద వదిలేస్తారు. పెద్దవైతే క్రాంకుకి రెట్టింపు వేగంతో తిరిగే రెండు షాఫ్టులు పెడతారు. 1970 ల్లో మిత్సుబిషి దీన్నే సైలెంట్ షాఫ్టు అని పేరు పెట్టి అమ్ముకుంది.

కాబట్టి నా మొదటి అభిప్రాయం: క్రాస్ ప్లేన్ వల్ల ఎస్టీమ్ ఏ రకంగానూ బాగుపడదు. మైలేజీ రాదు, ఐడిలింగ్ చెడుతుంది, కారుకి నాలుగు చక్రాలుండగా మలుపులో వెనక టైరు బెంగ అంతగా లేదు. చప్పుడు ఒక్కటే మిగుల్తుంది.

రెండో అభిప్రాయం: అయినా చెయ్యాలి.

ఈ మాట అనగానే వచ్చే ఎదురు ప్రశ్నలు నాకు తెలుసు. మొదటిది, "ఎలక్ట్రిక్ కార్లు వస్తుంటే ఇంకా ఈ ఇంజన్ల గోలేంటి?" అచ్యుతాపురం సెజ్ లోని ఫ్యాక్టరీల్లో గాలీ, గ్యాసూ నొక్కే కంప్రెసర్లున్నాయి. పిస్టనున్న ప్రతి కంప్రెసర్లోనూ ఈ 12 మిల్లీమీటర్ల కథే. పూడిమడక తీరంలో పడవకి కట్టిన మోటారు అదిరితే చేతికి తెలిసేదీ ఇలాంటి లెక్కే. తిరిగే దాన్నీ ఊగే దాన్నీ సరితూచడం అన్న విద్య పెట్రోలుతో పోయేది కాదు.

రెండోది కొంచెం గట్టిది. "అంత విద్య కావాలంటే కంప్యూటర్లో సిమ్యులేషన్ చేసుకోవచ్చుగా?" చేసుకోవచ్చు, ముందు అదే చెయ్యాలి కూడా. కానీ సిమ్యులేషన్ లో మనం తెలుసుకున్నవే పెడతాం. ఎక్కడ 180 దాక్కుందో మనకి తెలియకపోతే సిమ్యులేషన్ కీ తెలియదు. కాయిల్ జతల సంగతి నాకు తట్టలేదు, మావాడికి తట్టింది. ఎందుకంటే వాడు వందసార్లు కాయిల్స్ మార్చాడు.

నా అసలు బాధ ఇదీ. మా ఊరి చుట్టూ చూడండి. పక్కనే విశాఖ ఉక్కు. కడ్డీలూ, వైరు రాడ్లూ అక్కడ తయారుచేస్తారు. 2022 లో యోకహామా వాళ్ళ టైర్ల ఫ్యాక్టరీ అచ్యుతాపురంలోనే మొదలైంది. శ్రీసిటీలో ఇసుజు 2016 నుంచీ, పెనుకొండలో కియా 2019 నుంచీ బళ్ళు తయారుచేస్తున్నాయి. ఉక్కు ఉంది, టైరు ఉంది, రేవు ఉంది, గాజువాక ఆటోనగర్లో ఏ ముక్కనైనా చెక్కగలిగే చేతులున్నాయి, ప్రతి ఇంటికీ ఒక ఇంజనీరు ఉన్నాడు. కానీ ఇంజను బొమ్మ ఎక్కడినుంచో గీసి వస్తుంది. మనం బిగిస్తాం, లేదా రిపేరు చేస్తాం, లేదా నాలా వదిలేసి సాఫ్టువేరులోకి పోతాం. "ఇదిలాగే ఎందుకుండాలి?" అని విప్పి చూసే పని ఎవరి ఉద్యోగంలోనూ లేదు. డిగ్రీ ఉన్నవాడికి చెయ్యి తిరగదు, చెయ్యి తిరిగినవాడికి లెక్క రాదు. ఆ సాయంత్రం షెడ్డులో ఈ ఇద్దరూ ఒక సుద్దముక్క దగ్గర కూచున్నారు కాబట్టే అంత తెలిసింది. 30 వేలకి అంతకంటే మంచి కోర్సు నాకెక్కడా కనపడలేదు. నేను ఇంతకంటే ఎక్కువ పోసి కొన్న సర్టిఫికెట్లు లింక్డ్‌ఇన్ లో వేలాడుతున్నాయి.

ఇక చప్పుడు సంగతి. మా రోడ్డు మీద కుర్రాళ్ళు సైలెన్సరు పీకేసి తిరుగుతుంటారు, పోలీసులు పట్టుకుంటారు. మావాడి పనిని కూడా ఊళ్ళో ఆ లెక్కలోనే కట్టేస్తారని నా భయం. రెండింటికీ తేడా ఉంది. సైలెన్సరు పీకినవాడు చప్పుడు కోసం ఒక అడ్డు తీసేశాడు, అంతే. క్రాంకు మార్చినవాడి చప్పుడు లోపల జరిగే పనిలోంచి వస్తుంది. కానీ ఈ తేడా చట్టానికి పట్టదు, పట్టక్కర్లేదు కూడా. 2019 సవరణ ప్రకారం అనుమతి లేకుండా బండిని మారిస్తే యజమానికి ఒక్కో మార్పుకీ 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అనకాపల్లి రోడ్డు మీద షిఫ్టు బస్సులూ, కంపెనీ లారీలూ తిరిగే వేళలో వెల్డింగు పెట్టిన క్రాంకు 5000 ఆర్‌పీఎమ్ దగ్గర విరిగితే ఏమవుతుందో ఊహించుకుంటే, ఆ చట్టం మీద నాకు కోపం రాదు.

అంచేత జడ్జీగా నా తీర్పు ఇలా చెప్పాను. డబ్బులిస్తాను, ప్రోగ్రాము రాస్తాను. కానీ ఆ ఇంజను మళ్ళీ కారులోకి ఎక్కకూడదు. ఇనప స్టాండు మీద బిగించి, చుట్టూ రేకు కట్టి, 2500 ఆర్‌పీఎమ్ దాటకుండానే తిప్పాలి. పాత క్రాంకుని కొయ్యకూడదు, అది నూనె రాసి అలాగే దాచాలి. ఒక్క ముక్క చెక్కించే ముందు మొత్తం లెక్క కాగితం మీద ఉండాలి, అది నేనొకసారి, వాడొకసారి విడివిడిగా వెయ్యాలి. మొదలెట్టిన రోజు నుంచీ ఏది ఎందుకు విఫలమైందో నోటుపుస్తకంలో రాయాలి. ఉద్యోగం మానెయ్యకూడదు. (వాడు సెజ్ లో ఒక కంపెనీలో మెయింటెనెన్సులో ఉన్నాడు, షెడ్డుకొచ్చేది సాయంత్రాలే.)

స్టాండు మాట దగ్గర మావాడి మొహం చిన్నబోయింది. బీచ్ రోడ్డులో ఆ చప్పుడుతో వెళ్ళాలన్నది వాడి కల. "నడవని కారు ఎందుకు బావా?" అన్నాడు. నా దగ్గర దానికి మంచి జవాబు లేదు. కల సగమే ఇచ్చానని నాకూ తెలుసు. మావయ్య మాత్రం ఏమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక చూస్తే షెడ్డులో లైటు వెలుగుతోంది. ఆయన ఒక్కడే ఫ్లైవీలు పావు పావు తిప్పుకుంటూ పిస్టను లోతు కొలుచుకుంటున్నాడు. ఈసారి మూడో సిలిండరుది.

మీలో మెకానికల్ చదివి ఇటువైపు వచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు. పైన లెక్కల్లో తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి, క్రాంకు చెక్కించకముందే తెలియడం మంచిది. తప్పు దొరక్కపోయినా ఒక్క పని చెయ్యండి. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు దగ్గర్లో ఏదైనా షెడ్డుకి వెళ్ళి, విప్పిన ఇంజను కనిపిస్తే ఆ మెకానిక్కుని అడిగి పావు చుట్టు తిప్పి చూడండి. సగం దిగాల్సిన పిస్టను సగం కంటే ఎక్కువ దిగుతుంది. ఎందుకో తెలిసినా సరే, కళ్ళతో చూస్తే వేరుగా ఉంటుంది.